వంటింటి థర్మామీటర్: గన్నా, సూదా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నెల్లూరులో ఉంటారు. అరిసెల పాకానికి, పెరుగు తోడుకి, ఎయిర్ ఫ్రయర్‌లో కోడికి కలిపి ఒకటే డిజిటల్ థర్మామీటర్ కావాలి. తాకకుండా దూరం నుంచే వేడి చదివే గన్ తీసుకోవాలా, లోపలికి గుచ్చి కొలిచే సూది రకం తీసుకోవాలా? కరోనా నాటి నుదుటి గన్ ఇంట్లో ఉంది, అది పనికొస్తుందా?

నుదుటి గన్ సంగతి ముందు తేల్చేద్దాం. పనికిరాదు. అది 32 నుంచి 43 సెల్సియస్ డిగ్రీల మధ్య చదవడానికి చేసింది. మరిగే నూనెకి చూపిస్తే 'హై' అని ఊరుకుంటుంది. చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటర్‌ది కూడా అదే కథ, పైగా వేడి పాలలో ముంచితే మళ్లీ జ్వరం చూసుకోవడానికి కూడా మిగలదు.

ఒక్కటే కొనేట్టయితే సూది రకమే కొనండి. గన్ ఎంత ఖరీదైనదైనా పైపొరనే చదువుతుంది, కోడి తొడ లోపల ఏముందో దానికి తెలియదు. అంతకన్నా పెద్ద చిక్కు మెరిసే గిన్నెలతో. స్టీలు, సత్తు పాత్రలు తమ వేడిని చాలా తక్కువగా బయటికి వెదజల్లుతాయి, చుట్టూ ఉన్నవాటి వేడిని అద్దంలా తిప్పికొడతాయి. అందుకే 200 డిగ్రీలున్న ఖాళీ స్టీలు మూకుడికి గన్ గురిపెడితే అందులో సగం కూడా చూపించకపోవచ్చు. నల్లగా పండిన ఇనప పెనం మీద మాత్రం బాగా పనిచేస్తుంది. ఎర్ర చుక్క పడినచోటే కొలుస్తుందనుకోకండి, ఆ చుక్క గురి కోసమే. 12:1 అని రాసి ఉంటే 12 సెంటీమీటర్ల దూరం నుంచి సెంటీమీటరు వెడల్పు వృత్తాన్ని కలిపి చదువుతుందని అర్థం. ఆవిరి లెన్స్‌కి పట్టిందా, ఆ అంకెకి విలువ లేదు. దోసెల పెనం కోసమే కావాలంటే తీసుకోండి, కాకపోతే వద్దు.

సూది రకంలో చూసుకోవాల్సినవి కొన్ని. కొలత పరిధి కనీసం 250 డిగ్రీల దాకా ఉండాలి. సూది 12 సెంటీమీటర్లకు తగ్గకూడదు, పొట్టిదైతే చెయ్యి ఆవిరి మీదే ఉంటుంది. మొన సన్నగా ఉంటే అంకె త్వరగా నిలబడుతుంది. చౌక రకాల్లో లోపల థర్మిస్టర్ (వేడికి విద్యుత్ నిరోధం మారే చిన్న పూస) ఉంటుంది, పెట్టె మీద మూడు సెకన్లని రాసినా నిజంగా నిలబడడానికి ఐదు నుంచి పది పడుతుంది. థర్మోకపుల్ (రెండు లోహపు తీగల అతుకుతో వేడి కొలిచేది) రకం రెండు మూడు సెకన్లలో చెప్పేస్తుంది, ధర కొన్ని రెట్లు ఎక్కువ. పాకానికి ఆ తొందర ఉపయోగమే గానీ తప్పనిసరి కాదు. ఐపీ 67 (కాసేపు నీళ్లలో మునిగినా తట్టుకుంటుందనే గుర్తు) అని ఉన్నది దొరికితే మేలు, ఎందుకంటే ఈ పరికరాలు ఎక్కువగా పాడయ్యేది వేడికి కాదు, కడిగేటప్పుడు సూదికీ తలకీ మధ్య సందులోంచి నీరు దిగి. అది లేనిదైతే కుళాయి కింద పట్టొద్దు, సబ్బు గుడ్డతో సూది మాత్రం తుడవండి. బ్యాటరీ విషయంలో ట్రిపుల్ ఏ వేసేది నయం. ఎల్‌ఆర్ 44 బిళ్లలు పండగ రోజు వెతికితే దొరకవు.

కొన్న రోజే సరిచూడండి. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత వరకే నీళ్లు పోసి, రెండు నిమిషాలు తిప్పి, సూదిని అడుక్కీ పక్కలకీ తగలకుండా నడిమధ్యన పెట్టాలి. సున్నా రావాలి, ఒక డిగ్రీ అటూ ఇటూ ఫరవాలేదు. నీళ్లు ఎక్కువై ఐసు పైన తేలుతుంటే అడుగున నాలుగు డిగ్రీలు చూపించి మిమ్మల్ని తికమక పెడుతుంది. తర్వాత తెర్లుతున్న నీళ్లలో చూడండి. మనది సముద్రానికి దగ్గరి ఊరు కాబట్టి 100కి ఆనుకునే రావాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా అని అడుగుతారు. ఆ మాత్రం ఉప్పుకి డిగ్రీలో పదో వంతు కూడా మారదు. 98 చూపిస్తే పారెయ్యక్కర్లేదు, 'రెండు కలుపు' అని టేపు మీద రాసి దానికే అంటించండి.

వాడేటప్పుడు జరిగే తప్పుల్లో సగం మొన ఎక్కడుందో చూసుకోకపోవడం వల్లే. కొలిచేది సూది పొడవంతా కాదు, చివరి సెంటీమీటరో రెండో. అది కనీసం రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి మునగాలి. అరిసెల పాకం దగ్గర చెడేది ఇక్కడే. పావు కిలో బెల్లం వెడల్పాటి మూకుడులో వేస్తే పాకం లోతు సెంటీమీటరు కూడా ఉండదు, మొన అడుక్కి తగిలి పాకం వేడి కాక మూకుడు వేడి చూపిస్తుంది. అడుగు మందంగా, వెడల్పు తక్కువగా ఉన్న లోతు గిన్నె వాడండి, లేదా మూకుడు ఒక పక్కకి వంచి పాకం గుమికూడినచోట ముంచండి.

పాకంలో వేడి చెప్పేది నిజానికి నీళ్లెంత మిగిలాయన్నది. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది. పంచదార పాకమైతే ఒక తీగ 104 నుంచి 106 మధ్య వస్తుంది. 112 నుంచి 116 మధ్య చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కడుతుంది, 120 దాటితే ఉండ గట్టిపడుతుంది, 150 దగ్గర పటుక్కున విరుగుతుంది. 100 నుంచి 104 దాకా ఎంతసేపటికీ కదలదు, 110 దాటాక పరిగెడుతుంది. కాబట్టి 108 దగ్గరే మంట తగ్గించండి. అంకె వచ్చాక తగ్గిస్తే మూకుడు వేడికే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కేస్తుంది.

బెల్లం దగ్గర మాత్రం అంకెని గుడ్డిగా నమ్మకండి. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు, లవణాలు ఉంటాయి, అవి ఒక్కో దిమ్మెలో ఒక్కోలా ఉంటాయి. 114 దగ్గర ఒక బెల్లం అరిసెకి సరిగ్గా ఉండ కడితే, ఇంకో బెల్లం అదే అంకె దగ్గర నీళ్లలో జారిపోతుంది. అందుకని 110 రాగానే పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకుని చుక్క వేసి వేళ్లతో దగ్గరికి లాగుతూ చూడండి. ఉండ కట్టిన క్షణాన అంకె ఎంతుందో రాసి పెట్టుకుంటే ఆ బస్తా బెల్లం అయిపోయేదాకా అదే మీ అంకె. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే మర్నాటికి పళ్లు పట్టవు. ప్రతిసారీ ముంచే ముందు సూదిని వేడి నీళ్లలో కడగండి. దానికంటిన పంచదార పలుకు ఒక్కటి చాలు, పాకమంతా చక్కెర కట్టడానికి.

నూనెలో లోతు మూడు సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి, ఒకసారి గరిటెతో కలిపి కొలవాలి. చెక్కలు, మురుకులు 160, 170 మధ్య. గారెలు 170కి కాస్త పైన. మిరపకాయ బజ్జీలు 180. పూరీలు, అప్పడాలు 190 నుంచి 200. వాయి వేయగానే 15, 20 డిగ్రీలు పడిపోతుంది, అది మామూలే. మళ్లీ లేవకపోతే వాయి పెద్దదైందని అర్థం, అప్పుడే నూనె పీలుస్తాయి. గానుగ వేరుశనగ నూనె రిఫైన్డ్ కంటే చాలా ముందే పొగ విడుస్తుంది, దాంతో అప్పడాల వేడి దాకా వెళ్లకండి. థర్మామీటర్‌ని మూకుడు అంచుకి ఆనించి వదిలేశారో, తల కరిగి నూనెలో పడుతుంది.

పెరుగుకి ఈ పరికరం పెట్టిన డబ్బు తిరిగొచ్చేట్టు చేస్తుంది. పాలు కాగాక కలిపి, మీగడ కింద కొలవండి. 43 దగ్గర తోడు వేస్తే చక్కగా తోడుకుంటుంది. 50 పైన వేస్తే తోడులోని జీవులు చచ్చి పాలు పాలుగానే ఉంటాయి, 30 కింద వేస్తే ఆలస్యమై జిగురు సాగుతుంది. లీటరుకి ఒక టీస్పూను తోడు చాలు. మే నెలలో మన వంటిళ్లే 35 దాటి ఉంటాయి గనక 38 దాకా చల్లార్చి అర టీస్పూను వేయండి, నాలుగైదు గంటల్లో తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టకపోతే పుల్లబడుతుంది.

కోడికి 74. తొడలో అన్నిటికన్నా మందమైనచోట, ఎముకకి తగలకుండా గుచ్చాలి. ఎముక తగిలితే అంకె తప్పుతుంది, కాబట్టి రెండు మూడు చోట్ల చూసి తక్కువ అంకెనే నమ్మండి. 65 వచ్చిందని తీసి మళ్లీ ఐదు నిమిషాలకి గుచ్చేటప్పుడు మధ్యలో సూది సబ్బుతో కడగాలి, పచ్చి మాంసం తాకిన మొన అది. కూరలో తెర్లుతున్న చిన్న ముక్కలకి థర్మామీటర్ అవసరమే లేదు. రొయ్యలకీ అంతే, వాటిలో మొన పట్టే చోటే లేదు.

మీరడగలేదు గానీ చేపల పులుసు సంగతొకటి. మర్నాడు తింటేనే రుచని రాత్రంతా పొయ్యి గట్టు మీద ఉంచడం మన వైపు అలవాటు. వండిన పదార్థం 60 నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలన్నది ఆహార భద్రతలో వాడే లెక్క. వేసవిలో గదే 35 ఉంటే పులుసు 21కి తనంతట తాను ఎలా దిగుతుంది? మట్టి చట్టి అయితే వేడిని ఇంకా పట్టి ఉంచుతుంది, అలాగని వేడి చట్టిని నీళ్లలో పెడితే పగులుతుంది. పులుసుని వెడల్పాటి స్టీలు గిన్నెలోకి మార్చి, ఆ గిన్నెని ఐసు వేసిన నీళ్ల పళ్లెంలో పెట్టి, ముక్క విరక్కుండా గిన్నెని మెల్లగా కదుపుతూ 35కి రాగానే ఫ్రిజ్‌లోకి పంపండి. చింతపండు, మామిడికాయ పులుపు కొంత కాపాడుతుంది, కానీ దాని మీదే భారం వేయకండి. ఫ్రిజ్‌లో కూడా ఊరుతుంది. మర్నాడు తెర్లేదాకా కాచి, ముక్క మధ్యలో 74 వచ్చిందో లేదో పక్కనుంచి గుచ్చి చూడండి.

ఆ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో కూడా ఇదే చెబుతుంది. లోపల గాలిని కొలవొద్దు, తలుపు తీయగానే మారిపోతుంది. గ్లాసుతో నీళ్లు మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున మొదటిసారి తలుపు తీసినప్పుడు ఆ నీళ్లలో ముంచండి. 5కి మించి ఉంటే డయల్ ఇంకో గీత పెంచండి.