ఆక్సిజన్ ఛాంబర్ ప్యాకేజీ కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మకు 66 ఏళ్లు, సుగర్ ఉంది. కాలి పుండు రెండు నెలలుగా మానడం లేదు. ఒక వెల్‌నెస్ సెంటర్ వాళ్లు హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ 40 సిట్టింగులు చేయిస్తే మానుతుందని, మొత్తం ముందే కడితే రూ.1.60 లక్షలని అంటున్నారు. నా నీరసం కూడా తగ్గుతుందట. రూ.3 లక్షల ఎఫ్‌డీ, అమ్మ పేరున రెండేళ్ల కిందట తీసుకున్న ఆరోగ్య బీమా ఉన్నాయి. ఎఫ్‌డీ తీసేయాలా, బంగారం తాకట్టు పెట్టాలా?

జవాబు: రెండూ వద్దు. ప్యాకేజీ డబ్బు ముందే కట్టడం అసలే వద్దు.

అలాగని ఈ వైద్యం బూటకం కాదు. గట్టి గోడల ఛాంబర్‌లో, మామూలు గాలి పీడనానికి రెండు, రెండున్నర రెట్ల పీడనంలో దాదాపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. అది రక్తంలోని ద్రవంలో కూడా కరిగి, ఆక్సిజన్ చాలని చోటికి చేరుతుంది. సముద్రపు లోతు నుంచి త్వరగా పైకి వచ్చినప్పుడు డైవర్లకు వచ్చే జబ్బుకు, కార్బన్ మోనాక్సైడ్ విషానికి ఇదే చికిత్స. సుగర్ పుండ్లలో మాత్రం, ఇన్ఫెక్షన్ లోతుకు, ఎముక దాకా పోయి, నెల రోజులు సరైన వైద్యం చేసినా మాననివాటికే సాధారణంగా సూచిస్తారు. వాటిలోనూ, అధ్యయనాల్లో తొలి వారాల్లో కనిపించిన మేలు ఏడాది తర్వాత అంత స్పష్టంగా కనబడలేదు.

అందుకే మొదటి ఖర్చు సర్జన్ దగ్గర పెట్టండి. కాలికి రక్తం అందుతోందో లేదో డాప్లర్ అనే స్కాన్‌లో తెలుస్తుంది. రక్తనాళం పూడుకుపోయి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. పుండు శుభ్రం చేయించడం, దాని మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పులు, సుగర్ అదుపు... ఇవి లేకుండా ఛాంబర్‌లో ఎన్ని గంటలు పడుకోబెట్టినా దండగే. సెంటర్ వాళ్లను పీడనం ఎంతని అడగండి. 1.3 అన్నారంటే అది మెత్తటి సంచి లాంటి ఛాంబర్, ఈ పుండుకు పనికిరాదు. లోపల సుగర్ పడిపోవచ్చు, చెవులు దెబ్బతినవచ్చు. డాక్టరు లేని చోట ఎక్కించకండి.

బీమా విషయం. సుగర్ ముందే ఉందని చెప్పి పాలసీ తీసుకుని ఉంటే, వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు బీమా డబ్బు రాని కాలం, మూడేళ్ల వరకు ఉండొచ్చు. మీది రెండేళ్లే, కాబట్టి పాలసీ పత్రం తీసి చూడండి. నిరూపణ కాని చికిత్సలకు డబ్బు ఇవ్వబోమనే షరతు కూడా ఉంటుంది. ఆసుపత్రి ద్వారా ముందస్తు అనుమతి కాగితం మీద తీసుకోండి. ఏజెంటు నోటిమాట చెల్లదు.

సర్జన్ ఛాంబర్ అవసరమని రాసిస్తే, ఎఫ్‌డీ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, అంటే ఎఫ్‌డీ తీసేయకుండా దాని హామీ మీద కావలసినప్పుడు వాడుకునే అప్పు. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ, అదీ వాడుకున్న సొమ్ముకే. కొబ్బరి తోట ఉంటే దింపు డబ్బు రాగానే అందులో జమ చేయొచ్చు. ఆసుపత్రికి వారం వారం కట్టండి. పది పదిహేను సిట్టింగుల తర్వాత పుండు కొలత తగ్గకపోతే, కొనసాగించాలో లేదో డాక్టరునే అడగండి.

దారి ఖర్చు మరవకండి. కాకినాడకైనా రాజమండ్రికైనా మీకు ఇంచుమించు అరవై కిలోమీటర్లు. వారానికి ఐదు రోజులు, ఆరు నుంచి ఎనిమిది వారాలు కారు మాట్లాడుకోవడం కన్నా ఆసుపత్రి దగ్గర గది అద్దెకు తీసుకోవడమే చవక కావచ్చు. అమ్మగారి కాలికీ అదే మంచిది.

మీ నీరసానికి ఛాంబర్ వద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. అమ్మగారికి సుగర్ ఉంది కాబట్టి మీరూ ఒకసారి సుగర్ పరీక్ష చేయించుకోండి.