టైరు ఉబ్బింది, కంపెనీ కాదంది: కేసు దేనిమీద నిలబడుతుంది?

ప్రశ్న: సొంత కారుకు నాలుగు పెర్ఫార్మెన్స్ టైర్లు వేయించాను. పేరున్న బ్రాండ్ల కంటే ధర బాగా తక్కువ. గ్రిప్ అద్భుతమని డ్రైవర్లు రాసిన అనుభవాలు చదివి షాపుకు వెళ్తే, ‘నలభై వేల కిలోమీటర్ల దాకా చూసుకోనక్కర్లేదు’ అన్నారు. 14 వేలకే ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి. వెనక ఎడమ టైరు పక్కగోడ ఉబ్బింది. కంపెనీ మనిషి చూసి, ‘గుంతలో పడి దెబ్బతింది, వారంటీ రాదు’ అని నోటిమాటగా చెప్పి వెళ్లిపోయాడు. ఇదే టైరుతో ఇబ్బంది పడ్డామని ఇంటర్నెట్‌లో చాలామంది రాశారు. అవన్నీ సాక్ష్యంగా పెట్టి కేసు వేయవచ్చా? నేనూ రాస్తానంటే షాపువాళ్లు పరువునష్టం కేసు వేస్తామంటున్నారు.

జవాబు: కేసు వేయవచ్చు. కానీ ఆ కేసును నిలబెట్టాల్సింది మీ టైరు. ఇతరుల రాతలు ఎన్ని జతచేసినా ఆ పని చేయలేవు. అందుకే మొదట ఉబ్బిన టైరును ఇవాళే కారు నుంచి తీయించి స్టెప్నీ వేయించుకోండి. ఉబ్బిందంటే అక్కడ లోపలి దారాల పొర బలహీనపడిందని అర్థం, వేగంలో అది పేలవచ్చు. తీసిన టైరును షాపులో వదలకండి, పాత టైర్ల మార్పిడిలో ఇవ్వకండి. తనిఖీకి కంపెనీ తీసుకెళ్తానంటే, పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే తయారీ నంబరు మొత్తం రాసి, తనిఖీ అయ్యాక టైరు తిరిగి ఇస్తామన్న మాటతో రసీదు తీసుకున్నాకే ఇవ్వండి. టైరు చేతిలో లేని ఫిర్యాదుదారు పరిస్థితి చాలా కష్టం.

మీవి రెండు వేర్వేరు బాధలు: అరుగుదల, ఉబ్బు. ఫిర్యాదులో వాటిని కలిపేస్తే బలహీనమైనది బలమైనదాన్ని కూడా లాగేస్తుంది.

అరుగుదల సంగతి ముందు చూద్దాం. పెర్ఫార్మెన్స్ టైరుకు గ్రిప్ వచ్చేది మెత్తని రబ్బరు వల్ల, ఆ మెత్తదనమే దాన్ని త్వరగా అరగదీస్తుంది. పక్కగోడ మీద ‘ట్రెడ్‌వేర్’ అనే అంకె ఉంటే చూడండి. అది అమెరికా పద్ధతిలోని గ్రేడింగు. 100 అనేది కొలమానపు టైరు, దానితో పోల్చి కంపెనీ తానే నిర్ణయించి వేసుకునే అంకె. 200 ఉన్న టైరు 400 ఉన్నదానికంటే త్వరగా అరుగుతుందన్న సూచన మాత్రమే అందులో ఉంటుంది. కిలోమీటర్ల హామీ ఉండదు. పైగా ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజిన్ బరువు, లాగుడు, స్టీరింగ్ మలుపు, బ్రేకుల భారంలో ఎక్కువ వాటా ముందు టైర్లదే. 14 వేల కిలోమీటర్లలో ఒక్కసారి కూడా ముందువెనకలు మార్చి ఉండకపోతే, ‘అందుకే అరిగాయి’ అనే ఎదుటి వాదనకు జవాబు దొరకడం కష్టం.

అయినా వదిలేయమనడం లేదు, కొలవమంటున్నాను. గాడి లోతు కొలిచే గేజీతో ప్రతి టైరుకూ లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలవండి. చక్రం చుట్టూ మూడు చోట్ల అలాగే చేసి, తొమ్మిది అంకెలూ తేదీతో, మీటరు రీడింగుతో రాసుకోండి. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో తిరిగింది. మధ్యే అరిగితే గాలి ఎక్కువైంది. లోపలి అంచు ఒక్కటే పోతే అలైన్‌మెంట్, అంటే చక్రం చూసే దిక్కులో (టో) లేదా దాని వాలులో (క్యాంబర్) తేడా. అక్కడక్కడా గుంటలు పడినట్టు ఉంటే సస్పెన్షన్ లేదా బ్యాలెన్సింగ్. ఇవేవీ తయారీ లోపాలు కావు. కానీ టైర్లు బిగించిన రోజు అదే షాపు అలైన్‌మెంట్‌కు డబ్బు తీసుకుని సరిగా చేయకపోతే, అది వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(11) కింద సేవాలోపం. యంత్రం ఇచ్చే ముందు, తర్వాత రీడింగుల ప్రింటు ఉందా? బిల్లులో అలైన్‌మెంట్ పద్దు ఉందా? ఉంటే మీ అరుగుదల ఫిర్యాదు టైరు కంపెనీ మీద కంటే షాపు మీద బాగా నిలుస్తుంది. ఒకే వైపు బయటికి ఉండాల్సిన టైరును తిరగేసి బిగించారేమో, బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే దిక్కునే చూపుతోందేమో కూడా చూసి ఫొటో తీయండి.

నాలుగు టైర్లూ అడ్డంగా సమంగా అరిగి, అన్నీ ఇంత త్వరగా పోతేనే రబ్బరు నాణ్యతను ప్రశ్నించే దారి తెరుచుకుంటుంది. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెలతో ట్రెడ్, అంటే రోడ్డును తాకే రబ్బరు, సమమైతే, అంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే, ఆ టైర్ల మీద కారు నడపడం మోటారు వాహనాల నిబంధనలకు విరుద్ధం. కేసు కోసమని వాటినే వాడుతూ ఉండకండి, తీసి దాచండి.

‘నలభై వేలు’ అన్న మాట ఎక్కడైనా రాతలో ఉందా? వాట్సాప్‌లోనో, కొటేషన్ మీదనో ఉంటే దాని విలువ పెద్దది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16(1) ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్ముకుని కొంటే, సరుకు ఆ అవసరానికి తగినట్టు ఉండాలన్న షరతు ఒప్పందంలో చేరినట్టే. ఇందులో మెలిక ఏమిటంటే, మీరే బ్రాండు, మోడలు పేరు చెప్పి ‘అదే ఇవ్వండి’ అని అడిగి ఉంటే ఈ షరతు వర్తించదు. డ్రైవర్ల అనుభవాలు చదివి ముందే తేల్చుకుని వెళ్లానని ఫిర్యాదులో వివరంగా రాస్తే మీ వాదనను మీరే కోసుకున్నట్టు. జరిగింది జరిగినట్టే రాయండి, కానీ ‘నా రోజువారీ ప్రయాణం ఇదీ, ఎంతకాలం వస్తాయి’ అని మీరు అడిగి, షాపు చెప్పిన మాట మీద డబ్బు కట్టి ఉంటే ఆ సంగతి స్పష్టంగా ఉండాలి.

ఇక ఉబ్బు. తక్కువ ఎత్తు పక్కగోడలున్న టైర్లలో ఉబ్బులకు ఎక్కువగా కారణం దెబ్బే. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య రబ్బరు నలిగి లోపలి దారాలు తెగుతాయి, ఆ బలహీనమైన చోట గాలి బయటికి తోస్తుంది. గాలి తక్కువగా ఉంటే చిన్న గుంతకే ఇది జరుగుతుంది. కంపెనీ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే టైరును రిమ్ము నుంచి విప్పించి లోపలి వైపు చూడండి. ఉబ్బు ఉన్నచోట నలిగిన గీత, చిరుగు లేదా జంట మచ్చలు ఉన్నాయా? అదే స్థానంలో రిమ్ము అంచు వంగిందా? ఉంటే తయారీ లోపం వాదన వదిలేయండి. లోపల శుభ్రంగా ఉండి, రిమ్ము ఎక్కడా వంగకుండా ఉండి, బయట గీత కూడా లేకపోతే, లోపలి పొరల అతుకులో లోపం ఉందన్న అనుమానానికి గట్టి ఆధారం దొరికినట్టే. పక్కగోడ మీద లోపలికి నొక్కినట్టు సన్నని నిలువు సొట్ట మాత్రమే ఉంటే అది పొరలు ఒకదానిపై ఒకటి వేసిన అతుకు గుర్తు, లోపం కాదు. విప్పేటప్పుడు వీడియో తీయండి. డాట్ నంబరు, ఉబ్బు, లోపలి భాగం, రిమ్ము, మీటరు రీడింగు ఒకే వరుసలో కనిపించాలి.

అదే సమయంలో పక్కగోడ మీద మరో మూడు చూడండి. డాట్ వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 2324 అంటే 2024లో 23వ వారం. ఐఎస్‌ఐ గుర్తు ఉందా? కారు టైర్లకు ఐఎస్ 15633 ప్రమాణం ప్రకారం ఆ గుర్తు 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుతో తప్పనిసరి. అది లేని దిగుమతి టైరును అమ్మి ఉంటే మీ కేసు స్వరూపమే మారిపోతుంది. మూడోది, సైజు వెనక ఉండే అంకె, అక్షరం. 91వి అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు, గంటకు 240 కిలోమీటర్ల వేగానికి తగింది. కారు కంపెనీ పుస్తకంలో చెప్పినదానికంటే ఇది తక్కువ ఉంటే, ఆ టైరు ఎవరు సూచించారన్నదే ప్రధాన ప్రశ్న అవుతుంది.

నోటిమాట తిరస్కారాన్ని ఒప్పుకోవద్దు. టైరు నంబరు, గాడి లోతు, తిరస్కరించిన కారణం రాసిన క్లెయిం నివేదిక ఇవ్వమని షాపుకు, కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఇవ్వకపోతే 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసు చట్టరీత్యా తప్పనిసరి కాదు, కానీ మీ నిజాయితీకి అది మొదటి కాగితం. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి, చాలా టైరు క్లెయిములు అక్కడే తెమలవచ్చు. క్లెయిం ఒప్పుకున్నా పూర్తి డబ్బు రాదు. ఉదాహరణకు కొత్తప్పుడు లోతు 8 మిల్లీమీటర్లు, ఇప్పుడు 5 అనుకుందాం. 1.6 తీసేస్తే వాడదగ్గది 6.4, మిగిలింది 3.4, అంటే ధరలో 53 శాతం. కొన్ని వారంటీలు లెక్క మరోలా కడతాయి కాబట్టి మీ కార్డులోని సూత్రం చూడండి.

తెమలకపోతే మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి విచారణ జిల్లా స్థాయిలోనే. 5 లక్షల దాకా రుసుము లేదు. షాపును, తయారీ కంపెనీని, దిగుమతి టైరైతే దిగుమతిదారును అందరినీ చేర్చండి. బిల్లు ఇవ్వలేదా? అదే ఒక అనుచిత వ్యాపార పద్ధతి. యూపీఐ చెల్లింపు రుజువు జతచేయండి. గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. ఉత్తరాలు రాసుకుంటూ పోతే ఆ గడువు పెరగదు. ఈ కారు అద్దెకు తిప్పేదైతే మాత్రం, స్వయంగా నడిపి బతుకుతెరువు చేసుకునేవారికే వినియోగదారు హోదా దక్కుతుంది.

ఫిర్యాదుతోపాటే సెక్షన్ 38(2)(సి) కింద టైరును గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపమని దరఖాస్తు పెట్టండి. లోపం ఉందని మొదట చూపాల్సిన భారం మీదే, కంటిచూపుతో తేలని లోపానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. పరీక్ష ఖర్చు ముందు మీరు కట్టాలి, నివేదికకు చట్టం పెట్టిన గడువు 45 రోజులు. ‘ఉత్పత్తి బాధ్యత’ అంటూ పెద్ద పరిహారం అడగమని ఎవరైనా సలహా ఇస్తే జాగ్రత్త. సెక్షన్ 2(22)లో ‘హాని’ అంటే ఆ వస్తువుకే జరిగిన నష్టం కాదు. టైరు పేలి మనిషికో, మరో ఆస్తికో నష్టం జరిగితేనే ఆ అధ్యాయం మీకు పనికొస్తుంది. ఇప్పుడు మీరు అడగాల్సింది లోపమున్న సరుకు మార్పిడి లేదా ధర వాపసు, ఖర్చులు.

ఇతర డ్రైవర్ల రాతల విషయానికి వస్తే, ఆ మనిషి ఎవరో, ఏ కారో, ఎంత గాలితో నడిపాడో కమిషన్‌కు తెలియదు. ప్రశ్నించడానికి అతను ఎదుట ఉండడు. కానీ మీ సైజు, మీ మోడలు, దగ్గరి తయారీ వారం ఉన్న టైర్లకు అదే చోట ఉబ్బు వచ్చినవారు ఇద్దరు ముగ్గురు అఫిడవిట్ ఇస్తే పరిస్థితి వేరు. ఎక్కువమంది ఉంటే సెక్షన్ 35(1)(సి) కింద అనుమతితో ఉమ్మడి ఫిర్యాదుకూ వీలుంది. మీరు నమ్మిన పొగడ్తలు డబ్బిచ్చి రాయించినవని ఆధారం దొరికితే దాన్ని వేరుగా కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు పంపండి. ప్రకటనల మీద 2022 మార్గదర్శకాల ప్రకారం అలాంటి సంబంధాన్ని వెల్లడించాలి. అమ్మకందారు తానే వినియోగదారులా నటించి సమీక్ష రాయడం 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నిషిద్ధం.

మీ అనుభవం రాయడానికి భయపడనక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లో పరువునష్టానికి మినహాయింపులున్నాయి: ప్రజాహితం కోసం చెప్పిన నిజం, తన ప్రయోజన రక్షణకు సద్భావంతో చెప్పిన మాట. టైరు సైజు, తయారీ వారం, కిలోమీటర్లు, గాలి పీడనం, లోతుల పట్టిక, ఎవరికి ఏ తేదీన చూపారు, ఏం చెప్పారు అన్నవే రాయండి. ‘దొంగలు’, ‘నకిలీ సరుకు’ అని రుజువు చేయలేని మాట ఒక్కటీ వద్దు. వాళ్ల బెదిరింపు వాట్సాప్‌లో ఉంటే చెరపకండి. ఆ చాట్‌ను, మీ ఫొటోలను దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యాల కోసం భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 చెప్పే ధ్రువపత్రం జతచేయడం మంచిది.

రేపు షాపువాళ్లు ఒక టైరు మార్చి ఇస్తామని కాగితం మీద సంతకం అడగవచ్చు. అందులో ‘పూర్తి, తుది పరిష్కారం’ అని ఉందేమో చూడండి. ఉంటే, ఆ పరిష్కారం వెనక టైరు ఉబ్బుకు మాత్రమేనని, ముందు టైర్ల అరుగుదల మీద మీ హక్కు అలాగే ఉంటుందని మీ చేతిరాతతో చేర్చాకే సంతకం పెట్టండి.