అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కి పీహెచ్‌డీకి వెళ్తున్నా. కడుపు సమస్యకి డిప్రెషన్ మందు (అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు) రాశారు, వేసుకోవాలా? అక్కడ ఇల్లు తేలిగ్గా దొరుకుతుందా?

మందు సంగతి ముందు. డాక్టర్ చూసి రాశారు కాబట్టి వేసుకోండి. అమిట్రిప్టిలిన్ 10 అన్నారు కదా, నాకూ ఐబీఎస్‌కి (కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో పదే పదే వచ్చే పేగుల సమస్య) అదే ఇచ్చారు. డిప్రెషన్‌కైతే సాధారణంగా 75 మిల్లీగ్రాములు, ఆపైన కూడా వాడతారు, మనకిచ్చేది అందులో పిసరంత. పేగుల నొప్పిని మెదడు పట్టించుకోవడం తగ్గుతుంది, పేగు కదలిక కూడా నెమ్మదిస్తుంది, అందుకే విరేచనాల రకం వాళ్లకి బాగా పడుతుంది. ఇంగ్లండ్‌లో 463 మంది మీద అట్లాంటిస్ అనే ట్రయల్ చేసి 2023లో లాన్సెట్‌లో వేశారు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ల కంటే ఇది వేసుకున్నవాళ్లకి ఆరు నెలలకి మెరుగ్గా ఉంది. నోరు ఎండిపోతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, అందుకే రాత్రి పడుకునే ముందు వేసుకోమంటారు. గుండె జబ్బో గ్లకోమానో (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నా, వేరే మందులు వాడుతున్నా డాక్టర్‌కి చెప్పండి. మానాలనుకున్నా అడిగే మానండి. వారానికే పనిచేయలేదని పారేయకండి, నాకు నెల దాటాకే తేడా తెలిసింది.

ఇంట్లో చెప్తే మాత్రం రచ్చే. "పిచ్చి మందులెందుకు నాన్నా, వాము నీళ్లు తాగు" అంది మా అమ్మ. పెద్దమ్మ అయితే దిష్టి అని తేల్చేసింది. బీపీ మాత్ర ఏళ్ల తరబడి మింగేవాళ్లే ఈ మాట అంటారు, అదే నాకు ఒళ్లు మంట.

ఇక ఇల్లు. నన్నడిగితే మీ అసలు ప్రశ్న ఇదే, మీ కడుపు సగం దీని మీదే ఆధారపడి ఉంది. మాడిసన్‌లో స్టూడెంట్లు ఉండే ఇళ్లలో చాలావాటికి లీజు ఆగస్టు 14న అయిపోతుంది, కొత్తది 15న మొదలవుతుంది. మధ్యలో ఒక రాత్రి మీకు ఇల్లుండదు! ఊరంతా ఒకేసారి మారుతుంది, రోడ్ల పక్కన సోఫాలు, దీపాలు, గిన్నెలు కుప్పలుగా పడేస్తారు, దాన్ని అక్కడ హిప్పీ క్రిస్మస్ అంటారు (దీపం తెచ్చుకోండి, సోఫా మాత్రం వద్దు, నల్లులుంటాయి). ఆ రాత్రి నా సూట్‌కేసులు ఫ్రెండ్ కారు డిక్కీలో ఉన్నాయి. మధ్యాహ్నం ఎవరో పెట్టిన పిజ్జా తిన్నా. చీకటి పడేసరికి కడుపులో మెలిపెట్టడం మొదలైంది. పాత ఇంటి తాళం ఇచ్చేశాను, కొత్త ఇంటిది చేతికి రాలేదు, నా కార్డుతో తెరుచుకునే బాత్రూం ఊరు మొత్తంలో మా డిపార్ట్‌మెంట్‌లోదే. ల్యాబ్ పక్కన ఉన్న సోఫా మీద పడుకున్నా, పడుకున్నా అనడం కూడా ఎక్కువే, అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నా. రాత్రి ఊడ్చడానికి వచ్చినాయన ఏమీ అడక్కుండా టిష్యూ రోల్ ఇంకోటి పెట్టి వెళ్లాడు.

అంతకుముందు ఉన్న ఇంట్లో నలుగురికి ఒకటే బాత్రూం, పొద్దున క్లాసుల టైముకి క్యూ. క్యూలో నిలబడాలన్న టెన్షన్‌కే కడుపు తిరగబడేది. తర్వాత ఒక్కడికే బాత్రూం ఉన్న చిన్న స్టూడియో దొరికింది, అద్దెకి స్టైపెండ్‌లో పెద్ద ముక్కే పోయేది, అయినా నా లెక్కలో సగం గుణం ఆ గదిదే. మా గ్యాస్ట్రో డాక్టర్ ఒప్పుకోలేదు, మాత్ర వల్లే అన్నారు. అననీ.

కాబట్టి అడ్మిషన్ ఖాయమైన రోజే యూనివర్సిటీ వాళ్ల ఈగిల్ హైట్స్ అపార్ట్‌మెంట్లకి అప్లై చేయండి. మనవాళ్ల గ్రూపుల్లో "హాల్ షేరింగ్, చీప్" అని పెడితే అద్దె ఎంతని కాదు, బాత్రూంకి ఎంతమంది అని అడగండి. లీజు ఏ తేదీన మొదలవుతుందో కూడా అడగండి. ఖాళీ చేసేటప్పుడు గదంతా వీడియో తీసుకోండి. విస్కాన్సిన్ రూలు ప్రకారం 21 రోజుల్లోపు డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కోత పెడితే దేనికో రాసివ్వాలి. మా ఓనరు మామూలు కార్పెట్ క్లీనింగ్‌కి పట్టుకున్న డబ్బు ఈ రూలు చూపించాకే వదిలాడు.