మంచు తీసే మెషీన్ కోసం పోస్టాఫీసు డిపాజిట్ మూసేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను. వయసు 67, నాలుగేళ్ళ కిందట గుండెకి స్టెంటు వేశారు. మా అబ్బాయి అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం సిరాక్యూస్‌లో నిరుడు ఇల్లు కొన్నాడు. ఇంటి ముందు కారు దారి 60 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. ఈ చలికాలమంతా పారతోనే మంచు తీసి నడుము పట్టేయించుకున్నాడు. ఇప్పుడు మూడు స్నో బ్లోవర్లు (మంచుని కోసి దూరంగా విసిరే మెషీన్లు) చూశాడు: మూతి వెడల్పు 24 అంగుళాలది 1,000 డాలర్లు, 28 అంగుళాలది 1,600, 30 అంగుళాలది 2,300. మంచు తీసిపెట్టే కాంట్రాక్టరయితే సీజన్‌కి 550 అడుగుతున్నాడట. ఇంటి వాయిదాల వల్ల చేతిలో డబ్బు లేదంటున్నాడు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో నేను 15 లక్షలు వేసి ఏడాదిన్నర అయింది. అందులోంచి తీసి పెద్ద మెషీనే కొనిపెడదామని ఉంది. మేమిద్దరం వచ్చే డిసెంబరులో వెళ్ళి మార్చి వరకూ అక్కడే ఉంటాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ డిపాజిట్ జోలికి వెళ్ళకండి మాస్టారూ. ఈ స్కీములో కావలసినంత తీసుకుని మిగతాది ఉంచే వీలు లేదు. రెండు లక్షలు కావాలన్నా 15 లక్షల ఖాతా మొత్తం మూయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్ళు నిండకుండా మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. మీ లెక్కలో అది 22,500 రూపాయలు. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి మీకు వస్తున్న 30,750 కూడా ఆగుతుంది. మీ పింఛనుకి తోడుగా నిలిచిన ఆదాయం అది.

ఇక ఆ మెషీన్ కొనడం దండగా కాదా? మీకు ఎకరన్నర పొలం ఉంటే దమ్ముకి ట్రాక్టరు కొంటారా, గంటకింత అని పిలిపించుకుంటారా? పిలిపించుకుంటారు. ఆ లెక్కన కాంట్రాక్టరే నయమనిపిస్తుంది. కానీ దమ్ము రెండు రోజులు ఆగగలదు, ఆఫీసుకి వెళ్ళాల్సిన మనిషి ఆగలేడు. కాంట్రాక్టరు తన వరస ప్రకారం వస్తాడు. మంచు రెండు మూడు అంగుళాలు పడితేగానీ రానని చాలా ఒప్పందాల్లో రాసే ఉంటుంది. అతను వెళ్ళిపోయాక మునిసిపాలిటీ వాళ్ళ ప్లౌ బండి వచ్చి రోడ్డు మీది మంచునంతా మళ్ళీ మీ వాళ్ళ దారి మొదట్లో గట్టులా పోసి పోతుంది. దానికోసం అతను రెండోసారి వస్తాడా లేదా అన్నది ఒప్పందంలో చూడాలి. ఆ గట్టే అసలు గండం. ఉప్పు కలిసి, నలిగి, రాత్రికి గడ్డకట్టి ఉంటుంది.

సిరాక్యూస్‌లో ఏటా సగటున వంద అంగుళాలకి పైగానే మంచు పడుతుంది. ఒంటారియో సరస్సు మీదుగా వచ్చే గాలి తేమ మోసుకొచ్చి అక్కడ కురిపిస్తుంది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పడేది తడి మంచు. పొడి మంచు ఘనపు మీటరుకి 50 నుంచి 100 కిలోలు తూగితే, తడిది 200 నుంచి 400 దాకా తూగుతుంది. అబ్బాయి దారి మీద ఒక అడుగు మందాన తడి మంచు పడిందనుకోండి: 60 ఇంటు 18 అడుగులంటే 1,080 ఘనపు అడుగులు, దాదాపు 30 ఘనపు మీటర్లు. మీటరుకి 300 కిలోల చొప్పున 9 టన్నులు. నడుము పట్టేసిందంటే పట్టదా మరి!

అందుకే ముందు వెడల్పు చూడకూడదు, ఇంజిన్ చూడాలి. ముందున్న మరతోనే గీకి విసిరే సింగిల్ స్టేజ్ రకం ఈ పనికి చాలదు. రెండు దశలది కావాలి. ఇందులో ముందు ఆగర్ అనే మర మంచుని కోసి మధ్యకి తోస్తుంది, వెనకున్న ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం దాన్ని చ్యూట్ గొట్టంలోంచి విసురుతుంది. మూడు దశలవి కూడా ఉన్నాయి. ఆ అదనపు మర గడ్డల్ని త్వరగా నములుతుంది గానీ, విసిరేది మళ్ళీ ఇంపెల్లరే. కాబట్టి మూడో దశకని ఎక్కువ డబ్బు పెట్టమని నేను చెప్పను. బ్యాటరీవి శబ్దం చేయవు, పెట్రోలు బాధ లేదు. అయితే చలిలో, తడి బరువు మీద చార్జి తొందరగా దిగిపోతుంది. ఇంత దారికి పెట్రోలు మెషీనే నయం.

మూతి వెడల్పు లెక్క ఇలా ఉంటుంది. 18 అడుగులంటే 216 అంగుళాలు. ప్రతి వరసా ముందుదాన్ని కాస్త ఒరుసుకుంటూ నడవాలి కాబట్టి 24 అంగుళాలదానితో 10 సార్లు, 28దానితో 8 సార్లు నడవాలి. 30దానితోనూ 8 సార్లే! ఆ రెండంగుళాలు నడకని తగ్గించవు. 700 డాలర్లు ఎక్కువ పెట్టాలంటే ఇంజిన్ పెద్దదయి ఉండాలి, లేదా తిప్పడం తేలికవ్వాలి. పోస్టరు మీద వెడల్పు కోసం మాత్రం పెట్టకూడదు.

28దే తీసుకోమనండి, కానీ ఇంజిన్ 250 సీసీకి తగ్గకుండా ఉంటేనే. 208 సీసీ ఇంజిన్‌కి 28 అంగుళాల మూతి తగిలిస్తే తడి మంచులో మూలుగుతుంది. అప్పుడు అదే ధరలో 250 సీసీ ఉన్న 24 అంగుళాలది దొరికితే అదే మేలు. మూతి ఎత్తు 21 అంగుళాలకి పైన ఉండాలి. లేకపోతే ప్లౌ పోసిన గట్టు దాని నెత్తి మీదుగా దొర్లిపడుతుంది. ఆగర్ గేర్‌బాక్స్ పోత ఇనుముది అయితే మంచిది. తిప్పేటప్పుడు ఒక చక్రాన్ని వదిలిపెట్టే ఏర్పాటు ఉందో లేదో అడగాలి. ఇవి వంద కిలోలకి పైన ఉండే బండ్లు, ఆ ఏర్పాటు లేకపోతే ప్రతి మలుపు దగ్గరా మల్లయుద్ధమే.

కొన్నాక డబ్బు ఎక్కడ పోతుందో కూడా చెబుతాను. ఆగర్‌కి రెండు పక్కలా షియర్ పిన్‌లుంటాయి. రాయో, గడ్డకట్టిన న్యూస్‌పేపరు కట్టో తగిలితే ఆ పిన్ విరిగి గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది. పిన్ ఖరీదు కొద్ది డాలర్లే. మాటిమాటికీ విరుగుతోందని గట్టి బోల్టు బిగిస్తే ఈసారి విరిగేది గేర్‌బాక్స్, బిల్లు వందల్లో వస్తుంది. తయారీదారు చెప్పిన పిన్‌లే అరడజను ఇంట్లో పెట్టుకోవాలి. ఏడాదికోసారి ఆ పిన్‌లు తీసి, ఆగర్ ఇరుసు మీద తేలిగ్గా తిరుగుతోందో లేదో చూసి గ్రీజు పెట్టాలి. తుప్పుపట్టి ఇరుసుకి అతుక్కుపోతే పిన్ ఉన్నా లేనట్టే.

తడి మంచుకి ఇంపెల్లర్ రెక్కలకీ దాని చుట్టూ ఉన్న గూడుకీ మధ్య సందు శత్రువు. చిత్తడి ఆ సందులోంచి వెనక్కి జారి చ్యూట్ మూసుకుపోతుంది. రెక్కల చివర రబ్బరు పట్టీలు బిగించే కిట్ తక్కువ ధరకే దొరుకుతుంది. పని చేసేటప్పుడు ఇంజిన్ ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే ఉండాలి, తగ్గించాల్సింది నడక వేగం. మంచు మరీ బరువుగా ఉంటే సగం మూతితోనే కోసుకుపోవాలి. చ్యూట్ మూసుకుంటే ఇంజిన్ ఆపి, అన్నీ తిరగడం ఆగాక, మెషీన్‌తో ఇచ్చిన కర్రతోనే పొడవాలి. ఆపేశాం కదా అని చెయ్యి పెడితే, బిగుసుకున్న ఇంపెల్లర్ మంచు వదలగానే గిర్రున కదిలి వేళ్ళు తీసేస్తుంది. అమెరికాలో చలికాలం ఆసుపత్రులకి వచ్చే చేతి గాయాల్లో ఇది మామూలుగా చూసేదే. పని అయ్యాక ఒక నిమిషం ఖాళీగా తిప్పి లోపలి మంచు పోగొట్టాలి. లేకపోతే రాత్రికి గడ్డకట్టి, పొద్దున్న స్టార్టు చేయగానే బెల్టు కాలుతుంది. ఏప్రిల్‌లో పెట్రోలు ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపేయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆరు నెలలు నిలవుంటే కార్బురేటరులో జిగురు కడుతుంది. వచ్చే ఏడు మొదటి మంచుకి మెషీన్ స్టార్టు కాకపోతే కారణం చాలావరకు ఇదే.

ఇక డాలర్ల లెక్క. 1,600 మీద అక్కడి అమ్మకపు పన్ను 8 శాతం కలిపితే 1,728. ఆయిల్, ప్లగ్, పిన్‌లు, పెట్రోలు, అప్పుడప్పుడు బెల్టు కలిపి ఏడాదికి 100 అనుకుందాం. కాంట్రాక్టరుకిచ్చే 550తో పోలిస్తే ఏటా 450 మిగులు. అంటే నాలుగో చలికాలం ముగిసేసరికి మెషీన్ సొమ్ము తిరిగొస్తుంది. 2,300ది అయితే పన్నుతో 2,484, ఆరో చలికాలం దాకా ఆగాలి. మరి అబ్బాయి ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో నాలుగేళ్ళు ఉంటాడా? వీసా మీద ఉన్న ఉద్యోగమయితే ఈ ప్రశ్న మీరే సూటిగా అడగండి. ఏడాది రెండేళ్ళలో టెక్సాస్‌కో కాలిఫోర్నియాకో మారే అవకాశం ఉంటే కాంట్రాక్టరుకే 550 ఇవ్వడం మంచిది.

ఉంటానంటే డబ్బు అతనే కూడబెట్టుకోవాలి. ఇప్పుడు మార్చి అయితే అక్టోబరు దాకా ఎనిమిది నెలలు, నెలకి 216 డాలర్లు. సొంతిల్లు కొన్న మనిషికి ఆపాటి కూడా మిగలడం లేదంటే తక్కువైంది మెషీన్ కాదు, అత్యవసర నిధి. రేపు హీటరు ఆగితే ఏం చేస్తాడు? షాపు కార్డు మీద “పన్నెండు నెలలు వడ్డీ లేదు” అని ఆశపెడతారు, అక్కడ జాగ్రత్త. వాటిలో కొన్ని వాయిదా వేసిన వడ్డీ రకం: గడువులోగా ఆఖరి డాలరు కూడా కట్టేయకపోతే, కొన్న రోజు నుంచి వడ్డీ మొత్తం నెత్తిన వేస్తారు. కొనేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. మొదటి తుఫాను పడ్డాక బేరమూ ఉండదు, సరుకూ ఉండదు.

వాడినదయితే మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా దొరుకుతుంది. చూడటానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగా తన కళ్ళ ముందే స్టార్టు చేయమనాలి. ముందే వేడెక్కించి ఉంచారంటే అనుమానించాలి. గేర్‌బాక్స్ సీళ్ళ దగ్గర నూనె కారుతోందేమో, పిన్‌లు తీస్తే ఆగర్ విడిగా తిరుగుతోందో లేదో చూడాలి.

మీ వంతుగా ఏదో ఇవ్వాలనే ఉంటే ఒక క్వార్టరు వడ్డీ ఇవ్వండి. డాలరు 88 రూపాయలనుకుంటే 30,750 అంటే దాదాపు 350 డాలర్లు. బ్యాంకులో పాన్‌తో ఫారం ఏ2 (విదేశాలకి డబ్బు పంపే దరఖాస్తు) ఇచ్చి పంపవచ్చు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల లోపు పంపితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టరు. కొడుక్కిచ్చిన కానుక మీద ఇక్కడ పన్నూ లేదు. కాకపోతే అంత చిన్న మొత్తంలో బ్యాంకు చార్జీలు, మారకపు తేడా కొరుక్కుతింటాయి కాబట్టి వెళ్ళినప్పుడు చేతికివ్వడమే నయం.

ఆ వడ్డీని ముందు మీ ఇద్దరి ప్రయాణ ఆరోగ్య బీమాకి వాడమని నా అభిప్రాయం. స్టెంటు సంగతి దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బు అకస్మాత్తుగా తిరగబెడితే ఎంత వరకు ఇస్తారు, ఏ వయసు వరకు ఇస్తారు అన్న పేరా చదివాకే ప్రీమియం కట్టండి. ఒక్కో జబ్బుకి ఇంతే అని పరిమితి పెట్టే చవక పాలసీ వద్దు, అమెరికా ఆసుపత్రి బిల్లుకి అది ఏ మూలకీ రాదు. ఇంకోటి: అబ్బాయి ఆఫీసులో ఉన్నప్పుడు ఊరికే కూర్చోలేక మీరు పార పట్టవద్దు, మెషీనూ నడపవద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, దాని మీద తడి మంచు ఎత్తే బరువు. స్టెంటు ఉన్న గుండెకి అది తగదు. బయల్దేరే ముందు మీ కార్డియాలజిస్టుని కలిసి, నాలుగు నెలలకి సరిపడా మందులు, ఇంగ్లీషులో రాసిన ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలోనే పెట్టుకోండి.