అందరి ఫోన్ నంబరూ 2147483647 ఎందుకైంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా రైస్ మిల్లుకు వడ్లు తెచ్చే రైతుల వివరాల కోసం మా తమ్ముడు పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో చిన్న సాఫ్ట్‌వేర్ చేశాడు. ఎవరి మొబైల్ నంబర్ ఎంట్రీ చేసినా సేవ్ అయ్యాక 2147483647 అనే చూపిస్తోంది. వైరస్సా సార్? అసలు ఈ నంబరులో ఏముంది?

జవాబు: వైరస్ కాదు, టెన్షన్ పడకండి. మీ తమ్ముడు ఫోన్ నంబర్ కాలమ్‌కు ‘ఇంట్’ టైప్ ఇచ్చి ఉంటారు. అది పూర్ణ సంఖ్యల టైప్. దానికి 32 బిట్లే, అంటే 0 గానీ 1 గానీ పట్టే గడులు. ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి ఒకటి పోతే మిగిలేవి 31. వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి అన్నీ దీన్ని దాటినవే. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉంటే ఎర్రర్ వచ్చి ఆగేది. ఆఫ్‌లో ఉంటే మాత్రం తనకు పట్టే గరిష్ఠ సంఖ్యను రాసేసి ఊరుకుంటుంది.

కాలమ్‌ను వార్‌చార్‌గా (అక్షరాల టైప్) మార్చి పొడవు 15 ఇవ్వండి. ‘బిగింట్’ (ఇంట్ కన్నా పెద్ద సంఖ్యల టైప్) పెట్టినా మొబైల్ నంబర్లు పడతాయి కానీ నేనైతే వద్దంటాను. ఫోన్ నంబర్లతో మనం కూడికలు చేయం కదా. పైగా నల్లగొండ ఎస్టీడీ కోడ్ 08682 వేస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఇప్పటికే చెడిన ఎంట్రీల నుంచి అసలు నంబర్లు తిరిగి రావు, రిజిస్టర్ చూసి మళ్లీ కొట్టాల్సిందే.

ఇక ఆ సంఖ్య సంగతి. నాకు ఎంతో ఇష్టమైన సంఖ్య ఇది. 31 రెండ్లను గుణించి 1 తీసేస్తే వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772లోనే చెప్పాడు. క్యాలిక్యులేటర్ లేని ఆ రోజుల్లో ఎలా? దీని వర్గమూలం 46,340 చిల్లర. ఆలోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి, అవి నాలుగు వేలకు పైనే ఉన్నాయి. కానీ దీనికి కారణాంకం అంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఆ జల్లెడ పడితే సరిచూడాల్సిన ప్రధాన సంఖ్యలు వంద కూడా మిగలవు. ఎంత అందమైన ఆలోచన!

అయితే మీ సమస్యకు కారణం అది ప్రధాన సంఖ్య కావడం కాదు. బిగింట్ పరిమితి 9223372036854775807 ఏడుతో భాగం పోతుంది. దాన్ని దాటినా ఇదే తంటా.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. పెద్ద ప్రధాన సంఖ్యను నా ల్యాప్‌టాప్‌తో కనుక్కోవచ్చా?

జవాబు: ప్రయత్నించవచ్చమ్మా. పెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడానికి 1996లో మొదలైన గింప్స్ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ ప్రైమ్95 ఉచితం. 2024 అక్టోబరులో ఆ ప్రాజెక్టు ప్రకటించిన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. కనుగొన్న ల్యూక్ డ్యూరాంట్ వాడింది మాత్రం క్లౌడ్‌లోని శక్తిమంతమైన జీపీయూలను (గ్రాఫిక్స్ ప్రాసెసర్లను). ల్యాప్‌టాప్ రోజుల తరబడి ఫుల్ లోడ్‌లో వేడెక్కుతుంది, పాలమూరు ఎండాకాలంలో ఆ పని పెట్టుకోవద్దు.

ముందు పైథాన్‌లో ల్యూకస్-లెహ్మర్ పరీక్ష రాసి చూడండి. రెండ్లను గుణించి 1 తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధానమో కాదో తేల్చే పరీక్ష అది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, 2147483647తో భాగించి శేషం ఉంచుకోండి. 29 సార్లు చేస్తే సున్నా వస్తుంది, అంటే అది ప్రధాన సంఖ్యే. 11 రెండ్లతో వచ్చే 2047కు 9 సార్లు చేయాలి. అక్కడ సున్నా రాదు, ఎందుకంటే అది 23, 89ల లబ్ధం.