మేస్త్రీలతో తిరిగిన కుర్రాడికి బిజినెస్ స్కూల్లో సీటిస్తారా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. చాలా ఏళ్లుగా అపార్ట్‌మెంట్లు కడుతున్నాను. మా అబ్బాయి సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి మూడేళ్లుగా నాతోనే సైట్లు చూస్తున్నాడు. ఇప్పుడు ఎంబీఏ చేస్తానంటున్నాడు. కార్పొరేట్ కంపెనీలో చేయలేదు కాబట్టి పెద్ద బిజినెస్ స్కూళ్లు తీసుకోవని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఒక ఏడాది ఏదైనా సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేర్పించి, తర్వాత స్థలం తాకట్టు పెట్టయినా ఐఎస్‌బీకి (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) పంపమంటారా? ఐఐఎం, ఐఎస్‌బీ, నిర్మాణ రంగం మేనేజ్‌మెంట్ చెప్పే నిక్‌మార్‌లలో ఏది మేలు? పెళ్లి సంబంధాలవాళ్లు కూడా అబ్బాయి బిల్డరంటే మళ్లీ మాట్లాడట్లేదు.

జవాబు: అన్నిటికంటే బరువైన మాటను చివర్లో పెట్టారు. బిజినెస్ స్కూళ్ల దరఖాస్తుల సలహా కోసం నా దగ్గరికి వచ్చే బిల్డర్లు, కాంట్రాక్టర్లు చాలామంది ఎంబీఏ గురించి మొదలుపెట్టి, కాసేపటికి 'మా పనికి మర్యాద లేదండీ' అన్న దగ్గరికే వస్తారు. కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. ఆ చిన్నచూపు సంబంధాలవాళ్ల దగ్గర ఉందేమో గానీ, బిజినెస్ స్కూలు ఇంటర్వ్యూ గదిలో లేదు.

పెద్ద బిజినెస్ స్కూలు క్లాసులో ఎటు చూసినా ఇంజినీర్లే. వాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాళ్లు. స్థలం యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కుదిరిన రోజు నుంచి ప్లాన్ అప్రూవల్, బ్యాంకు లోను, స్లాబులు, అమ్మకాలు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా ఒక వ్యాపారాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా దగ్గరగా చూసిన కుర్రాడు వాళ్లలో అరుదు. మీరు దాచిపెట్టాలనుకుంటున్నదే అతని బలం. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆలోచన ఇవాళే మానేయండి. 'ఇంట్లో వ్యాపారం వదిలి అక్కడ ఎందుకు చేరావు?' అని ఇంటర్వ్యూలో అడిగితే, 'నాన్న చేర్పించారు' అనడం తప్ప అతని దగ్గర ఏముంటుంది?

అసలు అడ్డం ఇంకోచోట ఉంది. మీకు కోపం వచ్చినా చెప్పాలి. ఈ మూడేళ్లూ అబ్బాయికి జీతం ఇచ్చారా? ఈ ప్రశ్న అడిగితే తండ్రులందరూ ఒకటే అంటారు: 'అంతా వాడిదే కదండీ.' ఆ మాట దరఖాస్తులో ఏ గడిలోనూ పట్టదు. ఐఎస్‌బీ ఏడాది కోర్సుకి కనీసం రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం ఉండాలి. అహ్మదాబాద్ ఐఐఎంలో ఏడాది కోర్సుకైతే డిగ్రీ తర్వాత నాలుగేళ్లు కావాలి. అనుభవం ఉందంటే కాగితం చూపించాలి. బ్యాంకులో పడిన జీతమో, అతని పేరున ఆదాయ పన్ను రిటర్నులో, భాగస్వామిగా చేర్చుకుంటే ఆ డీడో ఉండాలి. మూడేళ్లు ఎండలో నిలబెట్టి పని చేయించుకుని ఒక్క కాగితం కూడా చేతికివ్వకపోవడం ప్రేమ కాదండీ, అన్యాయం. అలాగని ఇప్పుడు వెనక తేదీలతో ఉత్తరాలు పుట్టించకండి. ఉన్నదాన్ని ఆడిటర్ చేత సరిచేయించండి, లేనిదాన్ని ఈ నెల నుంచి మొదలుపెట్టండి. అందుకు ఒక ఏడాది ఆలస్యమైనా ఆ వయసులో నష్టమేమీ లేదు.

కాగితాల తర్వాత కథ సంగతి. గాజువాక నుంచి ఒకమ్మాయి వచ్చేది, చిన్న బిల్డర్ దగ్గర సైట్ ఇంజినీరు. దరఖాస్తుకని మొదటిసారి రాసుకొచ్చిన వ్యాసం నిండా నాయకత్వం, టీమ్‌వర్క్, దేశ నిర్మాణం. ఇవన్నీ పక్కన పెట్టి సైట్లో రోజూ నీ ప్రాణం తీసేదేంటో చెప్పమన్నాను. ఎక్స్‌ట్రా వర్కులు అంది. ఫ్లాటు కొన్నవాళ్లు వచ్చి వంటగది గట్టు మార్చమంటారు, బాల్కనీలో ఇంకో ప్లగ్ పాయింటు పెట్టమంటారు. మేస్త్రీకి నోటితో చెప్పి వెళ్లిపోతారు. రిజిస్ట్రేషన్ రోజు డబ్బు అడిగితే 'మేం చెప్పలేదే' అంటారు. ఈ అమ్మాయి ఒక పుస్తకం పెట్టింది. ఫ్లాటు నంబరు, మార్పు, రేటు, కొన్నవాళ్ల సంతకం. సంతకం లేనిదే మేస్త్రీ గోడ మీద చెయ్యి వేయకూడదు. మొదట్లో యజమానే విసుక్కున్నాడట, కస్టమర్లు పారిపోతారని. తర్వాత గొడవలు తగ్గాక మిగతా సైట్లలోనూ అదే పెట్టించాడు. వ్యాసం నిండా దాన్నే రాయించాను. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది కూడా ఆ పుస్తకం గురించేనట.

మీ అబ్బాయికి ఇలాంటిది ఒక్కటైనా ఉందా? ఉండాలంటే మీరు అతన్ని ఏదో ఒకటి నిర్ణయించనివ్వాలి. చెక్కుల మీద సంతకం మీదే, సిమెంటు డీలరుతో బేరం మీదే, స్థలం యజమానితో మాటలూ మీవే అయితే, మూడేళ్లలో అతను నేర్చుకున్నది కారు పార్కు చేయడం. చివరికి ఈ ప్రశ్న కూడా మీరే రాశారు. అతనికి ఎంబీఏ ఎందుకు కావాలో ఇందులో ఒక్క ముక్కైనా లేదు.

ఇంకొకటి. ఈ రంగం నుంచి వచ్చినవాణ్ని ఈ రంగం గురించే అడుగుతారు. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ఉంచాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఎందుకు పెట్టింది, దానివల్ల మీ చేతిలో డబ్బు తిరిగే తీరు ఎలా మారింది? కట్టడంలో ఉన్న ఫ్లాటు మీద జీఎస్టీ 5 శాతమే (తక్కువ ధర ఇళ్లకైతే 1 శాతమే) అయినా, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, లేకపోవడంతో సిమెంటు, స్టీలు మీద కట్టిన పన్ను ఎవరి నెత్తిన పడుతోంది? భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మే ప్లాట్లలో నిజమైన గిరాకీ ఎంత? ఇవి చదివి అప్పజెప్పేవి కాదు. మీ ఆఫీసు లెక్కలు అతనికి తెరిచి చూపిస్తేనే వస్తాయి.

ఇక అందరూ వెళ్తున్నారని మీరూ చూస్తున్న దారి, ఏడాది ఎంబీఏ. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఐఎస్‌బీ చదువు గురించి కాదు, చదువు బాగుంటుంది. ఖర్చు 30 లక్షలు దాటుతుంది. 30 లక్షల అప్పు 10 శాతం వడ్డీతో పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 40 వేలు కట్టాలి. ఆ వాయిదా నెత్తిన ఉన్న కుర్రాడు కన్సల్టింగ్‌లోనో బ్యాంకులోనో మంచి జీతం వస్తే వదులుకుని మధురవాడ తిరిగి రాడు, రాలేడు. రియల్ ఎస్టేట్ ఫండ్లలో ఉద్యోగాలు ఉన్నాయి గానీ, కొద్ది. ఉన్నవి కూడా ఎక్కువగా ముంబై, గురుగ్రామ్, బెంగళూరుల్లో. అతను అటే వెళ్లాలనుకుంటే అది మంచి దారే, ఆపకండి. తిరిగొచ్చి మీ వ్యాపారం చూడాలన్నది మీ కోరికైతే మాత్రం స్థలం తాకట్టు పెట్టి మరీ అతన్ని దూరం చేసుకుంటున్నారు. పంపేముందే ఇంట్లో కూర్చుని ఈ మాట తేల్చుకోండి.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. పెద్ద నిర్మాణ కంపెనీలో ప్లానింగ్, కాంట్రాక్టుల పని ఇష్టమైతే నిక్‌మార్ సరైన చోటు. ఈ రంగం దాటి బయటికి వెళ్లాలనుంటే రెండేళ్ల ఐఐఎం. మన విశాఖ గంభీరంలో ఉన్న ఐఐఎం కూడా మంచిదే గానీ, అది హాస్టల్లో ఉండి చదవాల్సిన చదువు. ఇంటి దగ్గరే కదా, సాయంత్రం సైటు చూసి వెళ్తాడులే అనుకోకండి. వ్యాపారంలోనే ఉంటానంటే, పని చేసుకుంటూ మధ్యమధ్యలో కొన్ని రోజులు క్యాంపస్‌కి వెళ్లి చదివే కుటుంబ వ్యాపారాల కోర్సులు ఐఎస్‌బీలోనూ, ముంబైలో ఎస్‌పీ జైన్‌లోనూ ఉన్నాయి. మీరు వాటి పేరే ఎత్తలేదు. మీ ఇంటి పరిస్థితికి నేనైతే ముందు వాటినే చూస్తాను.

సిఫార్సు ఉత్తరం మీరు రాయకూడదు, మీ బావమరిదీ రాయకూడదు. ప్రాజెక్టు లోను ఇచ్చిన బ్యాంకు మేనేజరో, స్ట్రక్చరల్ ఇంజినీరో, స్థలం ఇచ్చిన యజమానో రాస్తే బరువుంటుంది. వాళ్లు రాయాలంటే వాళ్లతో అబ్బాయి నేరుగా పనిచేసి ఉండాలి. ఇప్పుడు జరుగుతున్న వాటిలో చిన్న ప్రాజెక్టు ఒకటి చెక్కు పవర్‌తో సహా అతనికి అప్పగించండి. తర్వాతి ప్రశ్న అతన్నే రాయమనండి.