నిలబెట్టినప్పుడే వణికే ఇంజిన్: సర్వీస్ బులెటిన్ చూసి పార్టు మార్చవచ్చా?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. 2018లో కొన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు 60,000 కిలోమీటర్లు దాటింది. నరసాపురం వెళ్లడానికి రేవులో పంటు కోసం ఆగినప్పుడు ఇంజిన్ ఒకటే వణుకుతోంది. ఏసీ వేస్తే స్టీరింగు కూడా అదురుతుంది. రోడ్డెక్కాక ఏ తేడా తెలియదు, చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. షెడ్డులో ముందు ప్లగ్గులు, తరువాత కాయిళ్లు మార్చారు, ఇంజెక్టర్లు శుభ్రం చేశారు. గుణం కనబడలేదు. ఇప్పుడు థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని రెక్కతో నియంత్రించే భాగం) మార్చాలంటున్నారు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఇదే ఇంజిన్ గురించి కంపెనీ అక్కడి డీలర్లకు ఇచ్చిన సర్వీస్ బులెటిన్ పంపాడు. అందులో పర్జ్ వాల్వు మార్చమని ఉంది. రెండింటిలో ఏది మార్చించమంటారు?

సమాధానం: ప్రస్తుతానికి ఏదీ వద్దు. మీ మేనల్లుడు పంపిన కాగితం విలువైనదే గాని, అది మీ కారును పరీక్షించి రాసిన చీటీ కాదు. ఒక మోడల్ మీద ఒకే రకమైన ఫిర్యాదు అనేక చోట్ల నుండి వచ్చినప్పుడు, కంపెనీ ఇంజినీర్లు దాని కారణం తేల్చి, ఆ లోపాన్ని ఎలా నిర్ధారించుకోవాలో, ఏ భాగం వేయాలో, కారు కంప్యూటరు (ఈసీయూ)లోకి ఏ సాఫ్ట్‌వేరు ఎక్కించాలో డీలర్ల సర్వీసు సిబ్బందికి తెలియజేసే సూచనే సర్వీస్ బులెటిన్. చాలామంది అందులో చివరన ఉండే పార్టు నంబరు రాసుకుని నేరుగా విడిభాగాల కొట్టుకు వెళతారు. చదవవలసింది మొదటి పేరా, ఆ తరువాత వచ్చే పరీక్షలు.

మొదటి పేరాలో ఏ కార్లకు వర్తిస్తుందో, ఏ పరిస్థితిలో లక్షణం కనబడుతుందో ఉంటుంది. మీ ఆర్‌సీ మీద ఉన్న చాసిస్ నంబరును ఆ పరిధితో పోల్చి చూడండి. అందులో 17 స్థానాలుంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలను వాడరు కనుక గుండ్రంగా కనబడేది సున్నాయే. ఇక్కడ తయారైన కారు నంబరు అమెరికా బులెటిన్ పరిధిలో సాధారణంగా పడదు. ఇంజిన్ పేరు ఒకటే అయినా వాల్వు సరఫరాదారు, కాలుష్య నియంత్రణ అమరిక, కంప్యూటరు సాఫ్ట్‌వేరు దేశాన్ని బట్టి మారవచ్చు. అంతమాత్రాన ఆ కాగితాన్ని పారేయనక్కరలేదు. దానిలోని పరీక్షను తీసుకోండి, పార్టును కాదు.

అమెరికాలో కంపెనీలు డీలర్లకు పంపే ఇటువంటి సమాచారాన్ని అక్కడి రహదారి భద్రతా సంస్థకు కూడా అందజేయాలి, ఆ సంస్థ వాటిని ప్రజలకు అందుబాటులో ఉంచుతుంది. అందువల్లే మీ మేనల్లుడికి అంత సులువుగా దొరికింది. ఇక్కడ మీరు డీలరు సర్వీసు విభాగాన్ని అడిగి తెలుసుకోవాలి. చాసిస్ నంబరు ఇచ్చి, "ఐడిలింగులో (కారు ఆగి, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) వణుకు గురించి ఈ నంబరుకు బులెటిన్ గాని, ఈసీయూ సాఫ్ట్‌వేరు మార్పు గాని ఉందేమో చూసి, జాబ్ కార్డు మీద రాయండి" అని అడగండి. నోటిమాటగా అడిగితే "ఏమీ లేదండీ" అనేస్తారు. కాగితం మీద రాయవలసి వస్తే ఒకసారి కంప్యూటరు తెరిచి చూస్తారు.

ఇక కారు సంగతి. వణుకుతున్నది ఇంజినా, లేక మామూలుగా ఉండే అదురును మౌంటింగులు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) ఆపలేకపోతున్నాయా అన్నది ముందు తేలాలి. ప్లగ్గులు, కాయిళ్లు మార్చినా పిసరంత తేడా రాలేదన్నారు, ఏసీ భారం పడగానే స్టీరింగు దాకా వస్తోందన్నారు. ఈ రెండూ వింటే నాకు మొదటి అనుమానం మౌంటింగుల మీదే. స్కానరు (కారు కంప్యూటరులోని అంకెలు చదివే పరికరం) పెట్టించి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) చూడండి. మీ మోడల్‌కు చెప్పిన అంకె దగ్గరే, అంటే సాధారణంగా 700 నుండి 850 మధ్య, ఊగిసలాడకుండా నిలబడి, ఏ సిలిండరులోనూ మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం) లెక్క పెరగకపోతే ఇంజిన్ తన పని తాను సరిగానే చేస్తోందని అర్థం. అప్పుడు బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదులుతుంటే, మరొకరు పక్కన నిలబడి ఇంజిన్ ఎంత ఎగురుతోందో చూడాలి. కారుకు ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు. నూనె నింపిన మౌంటింగు చిట్లితే దాని కింద నల్లటి చెమ్మ మరక కూడా కనబడుతుంది.

ఆర్‌పీఎం ఊగుతుంటే మాత్రం స్కానరులో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం అదనంగా కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకెలవి. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా నేర్చుకున్న సవరణ) రెండూ కూడి లెక్కించాలి. లైటు వెలగకపోయినా ఈ అంకెలు కనబడతాయి. నిలబడి ఉన్నప్పుడు +18 ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర +4కు దిగితే, ఎక్కడో లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతోందని అనుమానించాలి. ఐడిలింగులో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కనుక ఆ దొంగగాలి వాటా పెద్దదవుతుంది. వేగం పెరిగితే అది లెక్కకు రాదు. అన్ని వేగాల వద్దా నాలుగైదు శాతం ఒకేలా ఎక్కువుంటే కంగారుపడనక్కరలేదు. మీ కారు ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు రాకముందుది, ఇథనాల్ పెరిగితే కంప్యూటరు ఆ మేరకు పెట్రోలు పెంచుకుంటుంది. మరొక మెలిక ఉంది. గాలిని నేరుగా కొలవకుండా మ్యాప్ సెన్సరుతో ఒత్తిడిని బట్టి లెక్కగట్టే కార్లలో గాలి లీకు ట్రిమ్‌లో అంత స్పష్టంగా తెలియదు, ఐడిల్ వేగం పెరగడమే గుర్తు కావచ్చు. మన దగ్గర చిన్న కార్లలో ఈ పద్ధతి చాలా ఎక్కువ.

పర్జ్ వాల్వు పరీక్షకు ఖర్చు లేదు. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని బొగ్గు డబ్బా నుండి ఇంజిన్‌లోకి వదిలే వాల్వు అది. కరెంటు అందకపోతే పూర్తిగా మూసుకుని ఉండాలి. ఇంజిన్ ఐడిలింగులో ఉండగా దాని కనెక్టరు ఊడదీసి, డబ్బా వైపు నుండి వచ్చే గొట్టాన్ని తప్పించి, వాల్వు మూతి మీద వేలు పెట్టండి. వేలిని లోపలికి పీలుస్తున్నట్లుండి, వేలితో మూతి మూయగానే ఇంజిన్ కుదురుకుంటే, అమెరికా బులెటిన్ మీ కారు గురించి కూడా నిజమే చెప్పింది. పీల్చకపోతే ఐడిలింగులో ఆ వాల్వు లీకు లేదు, దానిని మరచిపోండి. ట్యాంకు నిండా పెట్రోలు పోయించిన వెంటనే స్టార్టింగుకు మొరాయించడం కూడా ఈ వాల్వు మూసుకోకపోవడానికి గుర్తే, కాని మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గరలో బీడీ, సిగరెట్టు ఉండకూడదు, చేతులు ఫ్యానుకు దూరంగా ఉంచాలి.

థ్రాటిల్ బాడీ మార్చడం అన్నింటికన్నా చివరి మాట. రెక్క అంచు చుట్టూ నల్లటి కార్బన్ వలయం ఉంటే, థ్రాటిల్ క్లీనరు గుడ్డ మీద చల్లి తుడిస్తే చాలు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రెక్కను వేలితో బలవంతంగా నెట్టకూడదు. తుడిచాక కంప్యూటరుకు ఐడిల్‌ను మళ్లీ నేర్పించవలసి రావచ్చు. ఈ మెట్టు వదిలేసి "క్లీనింగు చేశాక ఇంకా చెడింది, బాడీ పోయింది" అని కొత్తది అంటగట్టే షెడ్లున్నాయి. ఉదాహరణకు నిస్సాన్ కార్లలో ఈ నేర్పించే పని మొదలుపెట్టే ముందు కూలెంట్ 70 నుండి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య, బ్యాటరీ వోల్టేజి 12.9కి పైన ఉండాలి. ఏసీ, హెడ్‌లైట్లు ఆపి, స్టీరింగు తిన్నగా ఉంచాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆ పాఠం పూర్తి కాదు. మీ కారు క్రమాన్ని డీలరు దగ్గర సర్వీస్ మాన్యువల్‌లో చూడమనండి.

ఏ బులెటిన్‌లోనూ దొరకని రెండు కారణాలు మన ప్రాంతానికి ఉన్నాయి. కారును గడ్డిమేటు పక్కన పాకలో ఉంచేవారికి మాసూళ్ల రోజుల్లో ఎలుకల బెడద తప్పదు. బ్రేకు బూస్టరుకు వెళ్లే గొట్టం అడుగుభాగాన, పైనుండి చూస్తే కనబడని చోట, చిన్న నెలవంకల్లాంటి పంటిగాట్లుంటాయి. అక్కడి నుండి కూడా దొంగగాలి దూరుతుంది. గొట్టం పొడవునా చేత్తో తడిమితే గాని తెలియదు. రెండవది సముద్రపు గాలి. అంతర్వేదికి అంత దగ్గరగా ఉన్నారు కనుక, ఇంజిన్ నుండి బాడీకి వెళ్లే ఎర్తు వైరు బిగింపు విప్పించి చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి, శుభ్రం చేసి బిగించాలి.

ప్రశ్న: బులెటిన్ ఉందని డీలరు ఒప్పుకున్నాడు గాని, వారంటీ అయిపోయింది కనుక డబ్బు కట్టాలంటున్నాడు. కంపెనీ లోపానికి మేమెందుకు కట్టాలి? (పాలకొల్లు)

సమాధానం: బులెటిన్ వేరు, రీకాల్ వేరు. భద్రతకు గాని, పర్యావరణానికి గాని హాని కలిగించే లోపముంటే వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం, 110ఎ సెక్షను ద్వారా, కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కంపెనీలు స్వచ్ఛందంగా చేసే రీకాల్ కూడా ఉచితమే. బులెటిన్ మరమ్మతు మాత్రం వారంటీ ఉన్నంతవరకే ఉచితం. అయితే వారంటీ ఉన్న రోజుల్లోనే మీరు ఇదే ఫిర్యాదు చేసి, అది పాత జాబ్ కార్డుల్లో నమోదై ఉంటే, వాటి నకళ్లతో కంపెనీ కస్టమరు విభాగానికి రాయండి. ఖర్చులో కొంత భాగం కంపెనీ భరించే సందర్భాలున్నాయి, అడగనివారికి మాత్రం రాదు.

ప్రశ్న: నాది డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు కారు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మిస్సింగ్ కొట్టి, రెండు నిమిషాలకు సర్దుకుంటోంది. పెట్రోలులో కలిపే క్లీనరు వాడుతున్నాను, ప్రయోజనం లేదు. (భీమవరం)

సమాధానం: ఉండదు కూడా. మీ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్ముతుంది గనుక ఇన్‌టేక్ వాల్వుల వెనుక భాగాన్ని అది తాకదు, అందులో కలిపిన మందు కూడా తాకదు. అక్కడ పేరుకునే కార్బన్ చల్లటి ఇంజిన్‌లో ఇటువంటి మిస్‌ఫైర్‌కు పేరుపడ్డ కారణం. దానికి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పి, వాల్వు మూసి ఉండగా అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేసే పద్ధతి ఉంది; బీఎండబ్ల్యూ ఇంజిన్లకు ఇది చాలాకాలంగా చేస్తున్నారు. అంత పని పెట్టుకునే ముందు స్కానరులో పి0301 వంటి కోడ్ (చివరి అంకె సిలిండరు నంబరు) ఏ సిలిండరును చూపుతోందో గమనించి, ఆ కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూడండి. మిస్‌ఫైర్ కాయిల్ వెంట వెళితే కార్బన్ జోలికి పోనక్కరలేదు. వెళ్లకపోతే ప్లగ్గును కూడా అలాగే మార్చి చూసి, మ్యానిఫోల్డ్ విప్పకముందే గొట్టపు కెమెరాతో వాల్వుల ఫోటో తీసి చూపమనండి.